చేపల గంపలోని మంచు

మా తాతగారు భానుమూర్తి పంతులుగారు ఈ బెంగాలీల ఊళ్ళో వాట్‌గంజ్ రేవుకు పని కోసం వచ్చిన మన శ్రీకాకుళం వాళ్ళందరికీ కాణీ పుచ్చుకోకుండా ఉత్తరాలు రాసిపెట్టారు. మా నాన్నగారు పట్టాభి పంతులుగారు కలరా వచ్చిన ఏడాది కూలీల బస్తీలో ఇంటింటికీ కాచిన నీళ్ళు మోశారు. మా అమ్మ కామాక్షమ్మగారు తన వసారాలో కూర్చోబెట్టి మీ నాయనమ్మ చేత అక్షరాలు దిద్దించింది. ఆవిడ కూతుర్ని, నీకు ఎక్కాలు చెప్పిన పంతులమ్మను, ఈ ఇనుప గేటుకు ఇవతల నిలబడి ఒక బకెట్టు మంచు అడుగుతున్నాను సూరన్నా. అదీ కుదరదంటావా?

తల దించుకోకు. నా వంక చూసి చెప్పు. ‘ఏటి సేస్తాను పంతులమ్మగోరా, యూనియన్ సెక్రటరీ దాదా గేటు తియ్యొద్దన్నాడు’ అంటావు. తియ్యమని నేనెప్పుడన్నాను?

మీ ఘెరావును నేను తప్పుపట్టడం లేదు, నాయనా. ఇన్నేళ్ళు ఈ పరిశోధన సంస్థ తోటలో చాకిరీ చేయించుకుని, నిన్ను ఇంకా తాత్కాలిక మనిషివనే అంటున్నారంటే అది అన్యాయమే. డైరెక్టరుగారు ఆ చివరి గదిలో ఉన్నారు, ఆయన్ను కదలనివ్వకండి. కాని, ఈ అంతస్తులో ఉన్నది ఆయన ఒక్కరేనా? ఇక్కడ పరిశోధన చేసే నా మనవరాలు నాగేశ్వరి ఉంది. దాని కోసం వచ్చి నేనూ చిక్కుకున్నాను.

ఎందుకొచ్చానంటే, బఠానీ మొలకలు తెచ్చాను. ఇక్కడ మొక్కల గదిలో లోడ్ షెడ్డింగ్ అయినప్పుడల్లా దీపాలు ఆరిపోయి మొలకలు పాలిపోతున్నాయని, మా డాబా మీద నేనే పెంచాను. నిన్న సాయంత్రం నుంచి వాటి మీద బుట్ట బోర్లించి ఉంచాను. ఎండ తగిలితే ఆకులో పిండి చేరుతుందట, యంత్రంలో వేసి తిప్పేటప్పుడు ఆ పిండి హరితరేణువుల్ని చీల్చేస్తుందట. హరితరేణువులంటే ఆకుకు పచ్చదనమిచ్చే కంటికానని గింజలు. తడిగుడ్డలో చుట్టి, ట్రాములో ఒళ్ళో పెట్టుకుని వస్తూంటే ఒక బెంగాలీ పెద్దమనిషి, ఈ శాకంలో వంకాయ వేస్తారా మాశీమా, అని అడిగాడు.

నవ్వు, పరవాలేదు. కాని విను.

జీవకణంలో ఆర్.ఎన్.ఏ. అని ఒక ఆజ్ఞ తయారవుతుంది. మొదట అందులో అక్కరలేని ముక్కలు కూడా ఉంటాయి. కణం వాటిని కత్తిరించి, తక్కినదాన్ని అతికిస్తుంది. ఆ ఆజ్ఞ ప్రకారం పుట్టిన ప్రోటీను హరితరేణువులోకి పోవాలంటే దాని తలకు ఒక చీటీ ఉండాలి, మీ నాన్న గవరయ్య రేవు గేటు దగ్గర చూపించే ఇత్తడి బిళ్ళలాంటిది. లోపలికి పోగానే ఆ చీటీని కోసేస్తారు. మరి, అతుకు ఒకచోట మారితే చీటీ మారుతుంది కదా? మారిన చీటీకి ఆ తలుపు తెరుచుకుంటుందా? ఇన్నేళ్ళుగా మా పిల్ల అడుగుతున్న ప్రశ్న అదొక్కటే.

నేనూ చీటీ చూపించాను కదా నీకు, మా తాతగారి పేరు, మా నాన్నగారి పేరు. నీ గేటు తెరుచుకోలేదు. సరే.

ఆకులోంచి బయటికి తీసిన రేణువులు మంచులో ఉన్నంతసేపే బతుకుతాయి. తీయడం అయింది, కరెంటు పోయింది. మంచు చేసే యంత్రం కింది అంతస్తులో ఉంది. ఇక్కడ పిల్ల బకెట్టులో ఉన్న మంచు నీళ్ళవుతోంది. ప్రోటీనుకు గుర్తుగా వేసే మందు బొంబాయి నుంచి విమానంలో తెప్పించారు, అది రోజురోజుకూ సత్తువ పోయే మందు. ఈ నెలాఖరుకు పిల్ల స్కాలర్‌షిప్పు ముగుస్తుంది. ఇవాళ తప్పితే మళ్ళీ చేసే వీల్లేదు. గడ్డం మోకాళ్ళ మీద పెట్టుకుని రేణువులున్న ఆ గొట్టాలనే చూస్తోంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండునని నాకుంది.

ఏమిటీ? ఆ మంచు డైరెక్టరుగారి షర్బతుకని అనుకున్నారా మీ దాదా వాళ్ళు? అందుకా ఇందాక కింద నుంచి వచ్చిన బకెట్టును వెనక్కి పంపారు? ఫ్యానులు ఆగి ఆయనకు చెమటలు పోస్తున్న వేళ నువ్వు లోపలికి మంచు పంపితే, పంతులమ్మ మాటకు లొంగి అమ్ముడుపోయావంటారు. రేపు పర్మినెంటు చేసేటప్పుడు నీ పేరు చిట్టచివరికి పోతుంది. అర్థమైంది. అంటే, గేటుకు అవతల నువ్వూ ఇరుక్కునే ఉన్నావన్నమాట.

మరి ఎలాగయ్యా? కాస్త గట్టిగా చెప్పు, ఈ నినాదాల్లో వినబడడం లేదు.

సన్యాసమ్మ గంపా?

నీ భార్య ఈ గోడ పక్కనే చేపలమ్ముతుందని తెలుసు. గంపలో మంచు ఉంటుందనీ తెలుసు. ఆ మంచుతో షర్బతు కలుపుకునే డైరెక్టరు భూప్రపంచంలో ఉండడు కాబట్టి మీ దాదా కూడా కాదనలేడు. నిజమే.

నా మొహం వంక అలా చూడకు. ఈ ఊళ్ళోనే పుట్టి, చేపల వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఈ ఊళ్ళోనే ముసలిదాన్నయ్యాను. సన్యాసమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు గంప వీధిలోనే దించి రమ్మన్నాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. అయినా ఇస్తుందా?

కబురు పెట్టు. నాగేశ్వరి పేరు చెప్పకు. పంతులమ్మ అడిగిందని చెప్పు.

వచ్చిందా? ఊచల్లోంచి గంప పట్టదు, ముక్కలు చేసి ఇవ్వు. కొంగులో వద్దు, జారుతుంది. చేతికే ఇవ్వు, దాని మీద కప్పిన గోనెపట్టా కూడా, ఊఁ, ఇటు. పొలుసులుంటే ఉండనీ, గొట్టాలకు మూతలున్నాయి. ఏమంది సన్యాసమ్మ? గంపను వీధిలోనే దించానని పంతులమ్మగోరికి చెప్పమందా? అననీ. ఆ మాట పడతాను.

నాగేశ్వరీ, ఇలా రా, అందుకో. నా చేతుల సంగతి తరవాత చూద్దాం, ముందు గొట్టాలు దింపు.

ఆ చిన్న తలుపు తెరుచుకుందో లేదో తెలియడానికి ఇంకా చాలా పని ఉందట. ఈ పెద్ద తలుపు ఎప్పుడు తెరుస్తారో నీకూ తెలియదు. నాకొక కుర్చీ కూడా లేదు, ఇక్కడే గోడకు ఆనుకుంటాను. మా పెద్దలు మీవాళ్ళకు ఇచ్చినవి మొదటే చెప్పాను కదా, సూరన్నా. నేను మా పిల్ల చేతికి అందించింది చేపల మంచు, గోనెపట్టా, నాలుగు పొలుసులు. ఇంకేమీ లేదు.