మొగుడొచ్చిన రోజు తలనొప్పి

"అత్తా, మావయ్యని సూత్తే నీకు తలనొప్పొచ్చీదంట కదా. నాన్న సెప్పినాడు. నిజమేనా?"

మీ నాన్న సెప్పినాడా? ఆడికేటి తెలుసే, ఆడప్పుడు నిక్కరేసుకుని జెట్టీ మీద గోళీలాడీవోడు. నా తమ్ముడే గానీ ఒక్క మాట ఇంటే పది సేసీ రకం. అయినా అబద్దం కాదులే. మొగుడు కంటికి ఆనితే సాలు, నాకు తలకాయ పగిలిపోయీది. నవ్వకు, నవ్వితే నీకిప్పుడు ఇంకా పోటెత్తుతాది. ఆ తడిగుడ్డ కళ్ళ మీద అలగే ఉంచుకో. కిటికీ మూసీసినాను. తొంగుని ఇను, నాను మెల్లిగా సెప్తాను. మెల్లిగా మాటాడ్డం నాకు రాదని మీ మావయ్య అంటాడు, అది వేరే సంగతి.

నాకు పెళ్ళయ్యింది తొంబైల మొదట్లో. హార్బరు ఎనకాల, ఇప్పుడు ఆ సిమెంటు గోడ కట్టినారు సూడు, అక్కడ మా అత్తోరిల్లు. మీ మావయ్య మరబోటు మీద కళాసీ. ఎల్తే పది పదిహేను రోజులు, ఒక్కోపాలి ఇంకా ఎక్కువే. అప్పుడు సెల్‌ఫోన్లా ఏటి. బోటు ఎల్లిందంటే మళ్ళీ జెట్టీకి ఆనీదాకా మనిసి ఉన్నాడో నేడో సముద్రానికే తెలియాల.

నాను ఎనిమిదో తరగతి సదివినాను. అంటే, ఎనిమిది తప్పినాను. తప్పితే ఏటి, సదవడం వచ్చింది కదా. ఆ వచ్చిన సదువంతా వారపత్రిక సీరియళ్ళకి ధారపోసినాను. ఉప్పుసేపలు పొట్లాలు కట్టడానికని మా అత్త పాత పత్రికలు కేజీల్లెక్కన తెచ్చీది. పొట్లం కట్టీ ముందు నాను సదివీసీదాన్ని. కతకి మొదలుండీది కాదు, సివర ఎవలింటికో సేపల్తో పాటు ఎల్లిపోయీది. మజ్జన ఏడుపు మాత్రం నాకు మిగిలీది. ఆ ఏడుపంటే నాకు పేనం.

ఆ కతల్లో ఆడది మొగుడి కోసం మేడ మీద నిలబడతాది. ఏటీ తినదు. కణతలు నొక్కుకుంటాది. దాన్ని విరహం అంటారని నాను నేర్చుకున్నాను. మనకి మేడేదీ? ఐసు ఫ్యాక్టరీకి బయట మెట్లుండీవి, ఆటి మీద నిలబడీదాన్ని. కింద రొయ్యల బుట్టల్తో ఎల్లీ ఆడోళ్ళు "ఓలే, ఐసుకైతే లోపలికెల్లి అడుగు, మెట్టు మీద ఇవ్వరు" అనీవోళ్ళు. ఆల్లకేటి తెలుసు పాపం, నా మనసు.

మా అత్తకో పట్టింపుండీది. కొడుకు నీళ్ళ మీద ఉన్నన్నాళ్ళూ కోడలు తలకి నూనె రాయకూడదు, పువ్వెట్టకూడదు, మంచి సీర కట్టకూడదు. అందరిళ్ళలోనూ ఇంత ఉండీది కాదులే, మా అత్తది మరీ గట్టి. బోటు వచ్చీ రోజు మాత్రం అన్నీ ఒక్కసారే. ముందొచ్చిన బోటోళ్ళు సెప్పీవోళ్ళు, మీవోళ్ళు ఎనకాల వత్తన్నారని. అంతే. కుంకుడురసంతో తలంటు. సాంబ్రాణి పొగ, పొగంటే ఏదో ఇంత కాదు, ఇల్లంతా కనపడీది కాదు. ఆరీ ఆరని జుట్టుకి జడేసి, అందులో సింహాచలం సంపెంగలు, సంపెంగలు నేని రోజుల్లో మల్లెలు. ఆ పైన సెంటు.

ఆ సెంటు కత సెప్పాల నీకు. పోర్టు రోడ్డు కాడ ఓడల సరుకు అమ్మీ కొట్టుండీది. ఓడల్లో వచ్చిన పరాయి దేశపోళ్ళు ఏవేవో అమ్ముకుని పోతే ఈడు కొనీసి మనకమ్మీవోడు. పెళ్ళైన కొత్తలో మీ మావయ్య అక్కడ నీలం సీసా సెంటొకటి కొని తెచ్చినాడు. ఆయన్నడిగితే ఇంగిలీసు సెంటంటాడు. కొట్టోడు ఏదంటే అదే. మూత తీత్తే మూడిళ్ళ అవతలోళ్ళు తుమ్మీవోళ్ళు. కొంచెం రాసుకోవాలని నాకెవలు సెప్పినారు? నాను గిన్ని నీళ్ళు పోసుకున్నట్టు పోసుకునీదాన్ని.

అలగ తయారై, పొద్దున్నించీ ఏటీ తినకుండా జెట్టీకెల్లీదాన్ని. తినొద్దని ఎవలూ అన్నేదు. మా అత్తైతే సద్దన్నం తినీసి పోయే అని నెత్తీ నోరూ కొట్టుకునీది. ఆవిడకి రూల్సులు జుట్టుకే, కడుపుకి నేవు. ఆ కడుపు రూలు నాను సీరియల్లోంచి తెచ్చుకున్నది. మొగుడి మొకం సూసినాకే ముద్ద అని. నీళ్ళ మీద ఎండ ఎలగుంటాదో నీకు తెలుసు కదా, అద్దం పట్టుకుని మొకం మీద కొట్టినట్టుంటాది. ఆ ఎండలో కళ్ళు సిట్లించుకుని నిలబడీదాన్ని. బోటు ఎప్పుడొత్తాదో ఎవలికి తెలుసు.

ఇంక సూడు. ఎడమ కంటి ముందర ఏదో మెరిసీది. జరీ అంచు ఉంటాది సూడు, వంకరటింకరగా, అలగ మెరిసి మెరిసి కదిలీది. నాకు ఒళ్ళు పులకరించిపోయీది. ఓసి నా మొకం, ఇదే పేమ అనుకున్నాను. మొగుడు దగ్గిరికొత్తంటే కళ్ళ ముందర మెరుపులు రావాల, సీరియల్లో కూడా వచ్చినాయి కదా అని. కాసేపటికి ఆ మెరుపు పోయి, ఎడమ కణతలో సుత్తెట్టి కొట్టడం మొదలయ్యీది. అప్పుడే బోటు ఆనీది. మీ మావయ్య తాడు ఇసిరేసి గట్టు మీదకి గెంతి, నవ్వుకుంట నా ఎదరకొచ్చి నిలబడీవోడు. మొదటిపాలి ఆ పాదాల మీదే కక్కీసినాను.

మా అత్త దిష్టంది. ఉప్పూ మెరక్కాయలూ తిప్పి పోసింది. శొంఠి అరగదీసి పట్టేసింది, అది మండి తొక్క ఊడింది గానీ నొప్పి ఊడ్నేదు. నాను మాత్రం తలకి గుడ్డ కట్టుకుని, ఇది విరహం, దీనికి మందు నేదు అని లోపల్లోపల మురిసిపోయీదాన్ని. విరహమైతే మొగుడు నేనప్పుడు రావాల కదే. ఆయన వచ్చినాక వత్తాదేటి? ఆ పాటి తెలివి కూడా నేదు.

ఆ తెలివి నాకు నేదు గానీ పేటలో అందరికీ ఉంది. కుళాయి కాడ మొదలైంది. దాని మొగుడు సముద్రం మీదుంటే బుట్టలు మోత్తాది, ఈలలేత్తాది, ఆడు గుమ్మంలోకొచ్చేసరికి మంచమెక్కుతాది, ఆ గుంటకి మొగుడంటే ఇష్టం నేదు, ఇంకెవలి మీదో ఉందేమో అని. అది బోటు మీదకీ పాకింది. కళాసీలు ఏడిపించీవోళ్ళంట. "బావా, నువ్వు నాలుగ్రోజులు ఇక్కడే ఉండిపో, నీ పెళ్ళాం తలకాయకి రెస్టు" అని. డీజిలు కంపుతోనే కాదు, నీ మొకంతో కూడా తలనొప్పొత్తాదని ఇంకోడు.

మీ మావయ్య మాటకారి కాదు, నీకు తెలుసు. ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలో ఆగడం మొదలెట్టినాడు. అడుగు లోపలెట్టడు. బయటే నిలబడి, "తలకాయ ఎలగుందే?" అని అడుగుతాడు. పోటుగా ఉందంటే అట్నుంచటే వలల షెడ్డుకెల్లి తొంగునీవోడు. సొంతింటికి సుట్టంలాగ. నాకు ఏడుపొచ్చీది. ఏడిత్తే నొప్పి రెండింతలు.

ఒకరోజు అలగే గుమ్మంలో నిలబడి సెప్పినాడు. పారాదీప్‌లో బోటు మీదకి మనుసులు కావాలంట, సీజనంతా అక్కడే, డబ్బులు పంపుతాను, ఈ ట్రిప్పు అవగానే ఎలిపోతాను అని. ఆ తరవాత అన్నాడు, "నాను రాకపోతే నీకు బాగుంటాది."

నీలూ, ఈ నొప్పిలో నోరు పెగలదు కదా. ఇప్పుడు నీకెలగుంది, అలగ. వద్దు మావా అందామని నోరు తెరిత్తే వాంతొచ్చీలాగుంది. అందుకని సెయ్యెత్తి ఇలగ ఊపినాను. ఎల్లకు, ఎల్లకు అని. ఆయన దాన్ని ఎల్లిపో, మాటాడకు అనుకున్నాడు. తలొంచుకుని ఎలిపోయినాడు. సెప్పులు కూడా ఏసుకోనేదు.

ఆయన ఆ ట్రిప్పుకెల్లిన రోజుల్లో నాను సీరియళ్ళు సదవనేదు. మొదటిసారి పొట్లాలు పొట్లాల్లాగే కట్టినాను. నిజం ఏడుపొత్తే కత ఏడుపు పనికిరాదని అప్పుడే తెలిసింది.

ఇంతలో తుపాను కబురొచ్చింది. బోట్లన్నీ ఎనక్కొచ్చీమని రేడియోలో సెప్పినారు. అది నాకు తెల్దు. నాను మజ్జానం ఇంట్లో నేల మీద కూకుని, సద్దన్నంలో ఎండునెత్తళ్ళు నంజుకుని తింటన్నాను. తలకి నూనె నేదు, దువ్వెన నేదు, సీరంతా ఉప్పుసేపల కంపు. బయట మబ్బేసి ఇల్లంతా సీకటి. గుమ్మంలో నీడ పడింది. సూత్తే ఈయన.

"తలకాయ ఎలగుందే?"

బాగుందన్నాను.

"ఇప్పుడే కదా వచ్చినాను. సూద్దాం" అని గుమ్మం బయటే అరుగు మీద కూకున్నాడు.

సినుకులు మొదలైనాయి. లోపలికి రా మావా, తడుత్తన్నావు అన్నాను. ఉండు, అది వత్తే మళ్ళీ లెగాల అన్నాడు. ఇద్దరం కూకున్నాం, నాను లోపల, ఆయన బయట. ఆ తలనొప్పి కోసం ఎదురు సూత్తన్నాం, బస్సు కోసం సూసినట్టు. మజ్జమజ్జన ఆయన, వచ్చిందా? నాను, ఇంకా రానేదు. మా అత్త వచ్చి సూసి, ఇద్దరికీ పిచ్చెక్కిందని వంటింట్లోకి ఎలిపోయింది. వాన ఈపు మీద పడి ఆయన నానిపోయినాడు. అది రానేదు. నా కంచంలో మిగిలిన నెత్తళ్ళు ఆయన సెయ్యి సాపి తినీసినాడు. అప్పుడు కూడా రానేదు.

నాకు సంతోషం ఆగనేదు. మొగుడొచ్చినాడు, మనం ఇలగా ఉండీదని, లేచి గూట్లో నీలం సీసా తీసి మూత తిప్పినాను. తిప్పీసరికి ఎడమ కణతలో టక్కుమంది. నా మొకం ఎలగైపోయిందో, మీ మావయ్య గబుక్కున లేచి గుమ్మం దాటొచ్చి, నా సేతిలో సీసా లాక్కుని మూతెట్టీసినాడు. సీసా వాసన సూసినాడు, నన్ను సూసినాడు.

"ఇదేనేటే?"

కాదు మావా అన్నాను. ఆయన పేమగా తెచ్చింది కదా, అబద్దమాడాలనే అనుకున్నాను, గానీ కళ్ళు మూసుకుపోతన్నాయి. ఆయనకి కోపమొత్తాదనుకున్నాను. గోడకి జారబడి కూకుని నవ్వినాడే. ఆ తడి బట్టల్తో. "సెంటా," అన్నాడు. "నాను కాదు కదా." మళ్ళీ అన్నాడు, "నాను కాదు కదా." ఆయన కళ్ళు తుడుసుకోవడం నాను సూడనట్టు ఊరుకున్నాను. ఆ రోజు నాకు పూర్తిగా రానేదు, సగంలో ఆగిపోయింది.

పారాదీప్ బోటుకి ఇంకెవలో ఎల్లినారు.

సెంటొక్కటే అయితే బాగున్ను. తరవాత పాలి సెంటు మానీసి ఎల్తే మళ్ళీ వచ్చింది. అప్పుడు సద్దన్నం తినీసి ఎల్లినాను, తక్కువొచ్చింది. సంపెంగలు తీసి మా అత్త జడలో ఎట్టీసినాను, ఆవిడ మురిసిపోయింది. సాంబ్రాణి పొగ దగ్గిర మాత్రం ఆవిడతో గొడవే అయ్యింది. సివరికి మీ మావయ్య, అమ్మా, పొగ బోటుకెయ్యి, పెళ్ళానికొద్దు అంటే ఊరుకుంది. ఎండకి నల్ల గొడుగొకటి పట్టుకెల్లినాను. జెట్టీ మీద గొడుగేటే, దొరసానొచ్చింది అని ఆడోళ్ళు నవ్వినారు. నవ్వితే నవ్వినారు. గొడుగు కింద నిలబడి బోటు రావడం సూసినాను. తాడు ఇసరడం, గెంతడం, నవ్వడం, అన్నీ సూసినాను. పెళ్ళైన ఇన్నాళ్ళకి మొగుడి నవ్వు పూర్తిగా సూసినాను. కుడి పక్కన పన్నొకటి ఇరిగుందని నాకప్పటిదాకా తెల్దు.

ఆ సెంటు ఏటి సేసినాడో తెలుసా? పారబొయ్యడానికి మనసొప్పక, బోటు గదిలో డీజిలు కంపు పోతాదని జల్లినాడు. కళాసీలందరూ తలలు పట్టుకుని పైకొచ్చీసినారంట. ఆ తరవాత ఆయన్నెవలూ ఏడిపించనేదు.

ఆ నొప్పి పేరు నాకు చాన్నాళ్ళకి తెలిసింది. రెండువేలు దాటినాక, మేం గాజువాక ఎల్లినాం కదా, అక్కడ ఆటోనగర్ షెడ్ల మజ్జన సేపలమ్మితే ఎల్డింగు మెరుపులకి మళ్ళీ జరీ అంచు కనబడింది. డాట్రమ్మ కాడికెల్తే మైగ్రేన్ అంది. బిళ్ళ రాసింది, వచ్చిన ఎంటనే ఏసుకోమంది, రోజూ మింగీకూడదంది. ఏలకి తిను, ఏలకి తొంగో అంది. ఇది ఎప్పటికీ పూర్తిగా పోదా అమ్మా అంటే, పోదు, నువ్వే దాంతో కాపరం సెయ్యాల అంది. మొగుడితో సేత్తన్నాను, దీంతో సెయ్యలేనా అన్నాను. నవ్వింది ఆవిడ.

నువ్వెందుకడిగినావో నాకు తెలుసే. మీ నాన్న మాట ఊరికే మోసుకొచ్చినావా? నీకు సూసిన ఆ రుషికొండ ఆఫీసు కుర్రాడు ఆదివారం వత్తాడు, నీకు ఆదివారమే తలనొప్పి. ఇది మూడోపాలని మీ అమ్మ సెప్పింది. నాకా కుర్రాడు ఇష్టం నేదేమో అత్తా అని రాత్రి అన్నావు కదా. ఇష్టం నేకపోతే నేదను, నేదని నోటితో సెప్పు, నీ ఎనకాల నానుంటాను. తలకాయ మీద మాత్రం ఎట్టకు. ముందు ఇది సెప్పు, పొద్దున్నేటి తిన్నావు?

"... ఏటీ తిన్నేదు."

మరి. ఎందుకు తిన్నేదు?

"సీర కట్టుకుంటే పొట్ట కనబడతాదని."

ఓసి నా తల్లీ. నాకు సీరియలు, నీకు సీర. సూరెండలో బైకెక్కి వత్తాడు, బీచికి తీసుకెల్తాడు, నీళ్ళ మీద మెరుపు. ఆ సెంపలకి ఏదో వాసన కూడా కొట్టుకున్నావు, ఇందాకట్నుంచి నాకు ముక్కులో తగుల్తంది, మరియాదకని ఊరుకున్నాను. ఈ పాలి ఇంత తినీసి, ఆ వాసన కడిగీసి, నల్లద్దాలు ఎట్టుకుని ఆడి మొకం సూడు. అప్పుడు కూడా నచ్చకపోతే అది తలకాయ మాట కాదు, నీ మాట. రేపు డాట్రు కాడికి ఎల్దాం, నానూ వత్తాను.

నీకు బోలెడన్ని మంచి రోజులుండాల. నువ్వెదురు సూసిన రోజు నీ తలకాయ సల్లగా ఉండాల, నీకు కావలసిన మొకం నీకు పూర్తిగా కనబడాల. ఇంకేటి కోరుకుంటాం...

అల్లదిగో, మీ మావయ్య. సూడకు, కళ్ళు తెరవకు, నాను సెప్తాను. గుమ్మంలో ఆగినాడు. ఇన్నేళ్ళైనా అంతే, అడగందే అడుగెట్టడు.

"తలకాయ ఎలగుందే?"

నాది బాగుంది, ఈ గుంటది బాగోనేదు. మెల్లిగా లోపలికి రా మావా. వత్తా వత్తా ఆ సద్దన్నం గిన్ని పట్టుకురా.