ఆషాఢంలో ముల్లు పాట

యాలప్పా ఆ మిషను ఆ ముల్లు మొగాన పట్టుకోని నిలబడినావు? ఏందది, ఎంట్రుకలు ఆరబెట్టేదా? నీ పెండ్లాం ఉషాదా? అయ్యో నా రాత, ఆపు, ఆపురా సిద్ధార్థా! ఆ వేడి తగిలితే ముల్లును పట్టుకోనుండే ఆ కాట్రిజ్జి లోపలుండేదంతా ఉడికిపోతాది. ఫోన్లో సెప్పినారా? సెప్పనీలే, ఫోన్లో సెప్పినోళ్లు మీ తాత కాట్రిజ్జిని సూసినారా ఏమన్నానా? ఇట్లియ్యి నా సేతికి. మెల్లిగా! ముల్లు ఎంట్రుకంత ఉంటాది, అది వంగిందంటే ఇంగ గ్రామఫోను ప్లేటు అరిగేదే గానీ పాట రాదు. ఇదో సూడు, ముల్లు సేతి వేళ్ల సందున బయటికి పెట్టి, మిగతాదంతా గుప్పిట్లో పెట్టుకోని గమ్మున కూసోవాల. ఒంటి వేడి సాలు దానికి. లోపలుండేది ముప్పై ఏండ్లు అటక మీద పడుకున్న రబ్బరప్పా, బిగుసుకోని ఉంటాది, బుజ్జగించి లేపాల. నువ్వు సిన్నప్పుడు ఇస్కూలుకు లేసేదానికి ఎంత యాగీ సేస్తాంటివి, మర్సిపోయినావా? కూసో ఈడ, ఈ కుడి పక్క. ఎడం సెవి పోయిందని ఎన్నిసార్లు సెప్పాల నీకు.

ప్లేటు తిప్పే పెట్టె మీద రంగుతో రాసిండేది సదివినావు గదా, 'యెంకటముని సౌండ్ సర్వీసు, పుంగనూరు' అని? మొగుని పేరు గదా, నేనెప్పుడూ నోటితో అనింది లేదు. ఈ పొద్దు పెట్టె మీద ఉండాదని అనేసినా, సరేలే, ఇంగ ఆయప్ప ఏమంటాడు. మీ తాత మైకు కట్టకుండా ఈ సుట్టుపక్కల పెండ్లే జరగల్యా అప్పుడు. కలకడ అంటే కలకడ, పలమనేరు అంటే పలమనేరు, గొట్టాలు బస్సు మీద కట్టించుకోని పోతాండె. ఆషాఢం వచ్చిందంటే మాత్రం పెండ్లిండ్లు లేవు, మైకూ లేదు. వానలు, తేమ. నెలంతా పెట్టెలో పడుంటే కాట్రిజ్జి బిర్రబిగుసుకుంటాది. దాన్ని అట్లే శ్రావణంలో తొలి పెండ్లికి తీసుకోని పోతే కీచుమంటాది, పెండ్లికూతురు ఏడస్తాందా ప్లేటు ఏడస్తాందా తెలీదు. అందుకని ముందే లేపేది. పిన్నులకు పట్టిన కిలుము పిలకాయలు తుడుపుకునే రబ్బరుతో రుద్దేది, ముల్లు కొనను స్పిరిట్టు అద్దిన కుంచెతో ఎనక నుంచి ముందుకు తుడిసేది, ఇట్ల గుప్పిట్లో ఎచ్చబెట్టేది. ఆ మీద ఎవురికీ పట్టని సినిమా ప్లేటు ఒకటేసి, మైకు తగిలించకుండా ఊరికే తిప్పేది. తిరగంగా తిరగంగా రబ్బరు సడలతాది. ఆఁ? మైకు లేకపోతే పాట యాడొస్తాదంటావా? వస్తాదప్పా. సెవి దగ్గర పెడితే ముల్లే పాడతాది, దోమంత గొంతుతో.

నాకు ఆ గొంతు తెలిసింది ఎప్పుడంటే, పెండ్లయిన మొదటి ఆషాఢం. కొత్త కోడల్ని పుట్టింటికి పంపిస్తారు గదా, నన్ను సదుం పంపించినారు. అల్లుడు అత్తోళ్ల గడప దాటకూడదు ఆ నెల. మా యమ్మ నారాయణమ్మ సంగతి నీకు తెలీదు, శాస్త్రమంటే శాస్త్రమే, దేవుడొచ్చి సెప్పినా ఇనదు. వారం తిరగలా, మీ తాత ప్లేటు పెట్టె సంకనేసుకోని బస్సు దిగినాడు! మా యమ్మ వాకిట్లోనే నిలబెట్టేసింది. 'ఏమప్పా యెంకటమునీ, ఏంది ఇట్లొచ్చినావు?' 'కాట్రిజ్జి లేపాలత్తా, పుంగనూర్లో ఒకటే తేమ. సదుం గాలికైతే రబ్బరు బాగా మెత్తబడతాదంట.' 'ఎవురు సెప్పినారు?' 'కంపెనీవోళ్లే సెప్పినారత్తా.' ఎంత అబద్ధమో సూడు! సదుములో పడేదీ అదే వాన గదా! నేను తలుపు ఎనకాల నోట్లో కొంగు కుక్కుకోని నగుతాండా. మా యమ్మ, 'సరే, తిన్నె మీద కూసో, గడప మాత్రం దాటొద్దు' అనె. ఆయప్ప గడపకు ఆనిచ్చి బయట పెట్టె పెట్టినాడు, టార్చి సెల్లులేసి ప్లేటు తిప్పినాడు. 'సావిత్రీ, ఒకతూరి యిని సెప్పు, కీచుమంటాందా?' అనె. నేను గడప లోపల నుంచి వంగినా, ఆయప్ప బయట నుంచి వంగినాడు. లోపల నుంచి మా యమ్మ: 'ఏమే, పాట యింటాండారా తలకాయలు కొట్టుకుంటాండారా?' ఈయప్ప నిదానంగా, 'నేను గడప దాటల్యా గదత్తా!' మల్లా దినమూ మల్లా దినమూ వచ్చినాడు. నేను గూడా తక్కువదాన్నా? ముల్లు బ్రహ్మాండంగా పాడతాంటే, 'ఇంగా కీచుమంటాండాది, రేపు గూడా తిప్పాల' అంటాంటి. ఆయప్పకు తెలుసు. తెలిసీ, 'అవును, మొండి రబ్బరు' అంటాండె. ఆఖరికి ఏమయిందో తెలుసునా, మా యమ్మే కాపీ లోటా సేతిలో పెట్టుకోని వచ్చి, 'ఏదీ, జరగండి, నన్ను గూడా యిననీండి' అని గడప కాడ కూసునింది.

ఆ మీద ప్రతి ఆషాఢమూ పుంగనూర్లో మా ఇంట్లోనే తిప్పుకున్న్యాము. పిలకాయలు పుట్టినారు, కొట్లాడుకున్న్యాము, ఒకతూరి పదైదు దినాలు మాటల్లేవు మాకు. ఎందుకో అడగొద్దు, నాకే గ్యాపకం లేదు. అప్పుడు గూడా ప్లేటు తిప్పి, నా పక్క సూడకుండా గోడతో సెప్పినట్ల, 'యినేవాళ్లుంటే యినొచ్చు' అనె. పోయి కూసున్న్యా. ఏం సేస్తా మరి. బలే మనిషిలే, నాకు బలే ఇష్టం ఆయప్పంటే. ఇప్పుడు సెప్పేకి సిగ్గేంది. క్యాసెట్లు వచ్చినాక ప్లేట్లు అడిగినోడు లేడు. కాట్రిజ్జిని దూదిలో సుట్టి, పౌడరు డబ్బాలో పెట్టి, తేమ పట్టకుండా గుప్పెడు బియ్యం పోసి అటక ఎక్కించినాడు. ఆ సలికాలమే గుండె ఆగిపోయె. నేనింగ ఆ డబ్బా జోలికే పోలా.

నువ్వేమో పెద్ద స్పీకర్లు కొనుక్కొచ్చి యినిపిస్తానంటావు. వద్దప్పా. స్పీకర్లో ఎవురెవురో పాడతారు, అది నాకెందుకు? మదనపల్లె సెవి డాక్టరమ్మ ఏం సెప్పింది, నువ్వే గదా పక్కనుండావు, కుడిది గూడా నిలబడదు అనె. ఈ సెవి మిషను పెట్టుకుంటే గుయ్యిమంటాది గానీ మాట సరిగ్గా తెలీదు. ఈ సెవి పూర్తిగా పోకముందు ఆ ముల్లు గొంతు ఒక్కతూరి యినాలని నా ఆశ. అంతే నాకు కావాల్సింది. ఇదో, ఎచ్చబడింది, తీసుకో. బిగించు. ఎర్ర వైరు ఆ పక్క... ఏమో, నువ్వే సూసుకో. ఆ సినిగిన అట్టలో ఉండే ప్లేటు ఎయ్యి. తిప్పు.

తిరగతాండాదే! పెట్టు, ముల్లు పెట్టు, పై నుంచి పడనీయొద్దు... ఆఁ. ఉండు, నేను వంగతా. ఈ మిషను పీకేస్తా, అడ్డం. ... పెట్టినావా? ప్లేటు మీదనే ఉండాదా? ... ఉండు, ఇంగొంచెం దగ్గరికి. ... నీకు యినపడతాందా? నా మనసు కోసం సెప్పొద్దు, సెవి కాడకొచ్చి నిజం సెప్పు. ... కీచుమనల్యా? శుభ్రంగా? మాటలు గూడా తెలుస్తాండాయా? ... అయితే ముల్లు బతికిందిలే నాయనా. నా సెవే పోయింది.

ఆపొద్దు, ఆపొద్దు, తిరగనీ. యాల తీస్తావు? నువ్వు దాని కాడ సెవి పెట్టు. పెట్టి, అది ఏం పాడతాందో అది నువ్వు నా సెవులో పాడు. ... సిగ్గేందిరా, ఉషా వంటింట్లో ఉండాదిలే. రాగం పోతే పోనీ, నీదేం కచేరీనా? పాడప్పా. ... ఇంగొంచెం గట్టిగా. ... ఊఁ. ... ఊఁ.