ఖాళీల గడి

ఆదివారం మధ్యాహ్నం. మూడో అంతస్తులో, వంటింటి బల్లకి అటు అక్క, ఇటు తమ్ముడు. తమ్ముడు ఉద్యోగాల అంచనాలు కట్టే ఆఫీసులో గుమాస్తా. ఏ ఊళ్ళో ఏ పని పెరుగుతుందో, ఏ పని తరుగుతుందో రెండేళ్ళు ముందే చెప్పడం ఆయనగారి ఉద్యోగం. సొంత అక్కకి మాత్రం ఇంతవరకూ ఒక దారి చెప్పలేకపోయాడు.

“...కొండ ప్రాంతంలో వృద్ధుల సహాయకులు, రెండేళ్ళలో నూటికి పదకొండు పెరుగుదల. విన్నావా అక్కా? పదకొండు!”

“ఎవరు పెరుగుతారు? ముసలివాళ్ళా, సహాయకులా?”

“ఇద్దరూ. వాళ్ళు పెరిగితేనే కదా వీళ్ళు పెరిగేది. నవ్వులాట కాదు, నేను నిజంగా చెప్తున్నాను.”

“నేను నవ్వట్లేదు. నా మొహమే ఇలా అయిపోయింది. చదువు.”

“వంటవాళ్ళు నూటికి నాలుగు. అదీ కొండ ప్రాంతంలోనే, హోటళ్ళు కడుతున్నారు గనక. లారీ డ్రైవర్లు గనుల వైపు ఆరు. నర్సులు ఎక్కడైనా ఐదుకి తగ్గరు.”

“ఇక్కడ?”

“ఇక్కడంటే?”

“ఇక్కడంటే ఇక్కడే. ఈ కిటికీలోంచి కనిపించేంత మేర.”

“రేవు ప్రాంతంలోనా... దర్జీలు, టార్పాలిన్లు కుట్టేవాళ్ళు, మైనస్ ఇరవై రెండు.”

“ఆ ఇరవై రెండులో నేనొకదాన్ని. మా షెడ్డుకి తాళం పడి ఏడాదైంది. జరిగిపోయినదాన్ని అంచనా అంటారేంట్రా?”

“పుస్తకం వేసేనాటికి జరగలేదు.”

“అంటే ముందే తెలిసి నాకు చెప్పలేదు.”

“చెప్పాను. ఈ బల్ల దగ్గరే చెప్పాను. వేరే పని చూసుకో అక్కా అంటే బావ నవ్వాడు. నీ తమ్ముడివన్నీ కాకి లెక్కలే అన్నాడు.”

“అన్నారు.”

“అన్నాడు కదా.”

“అన్నారు, అన్నారు. ఉండు, లోపల అత్తయ్య లేచారు... ఏం లేదత్తయ్యా! తలుపు కాదు, కుర్చీ జరిపాడు. మా తమ్ముడు. కాదు, మీ అబ్బాయి కాదు. పడుకోండి.”

“ఇంకా అడుగుతున్నారా?”

“రోజుకి నాలుగైదుసార్లు. మొదట్లో పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పేదాన్ని. ఇప్పుడు ఇక్కణ్ణుంచే ‘కాదు’ అనేసి నా పని నేను చేసుకుంటాను. ఏమీ అనిపించదురా. చన్నీళ్ళలో చాలాసేపు చెయ్యి పెడితే అది మన చెయ్యి కానట్టుంటుంది చూడు, అలా ఉంది ఒళ్ళంతా.”

“అందుకే వెళ్ళిపొమ్మంటున్నాను. శిక్షణ ఆరు నెలలు, తర్వాత ఉద్యోగం ఖాయం. ఫారానికి రేపే ఆఖరు తేదీ. నీ పేరూ, పుట్టిన తేదీ, చదువూ అన్నీ నేనే నింపాను. ఇదిగో, ఇక్కడ సంతకం ఒక్కటే. అక్కడ రెండు గదుల ఇల్లు కూడా చూశాను.”

“ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. సంతకమే కాలేదు, అప్పుడే ఇల్లు కూడానా?”

“అక్కా, సంతకం.”

“మరి అత్తయ్య?”

“వృద్ధుల హోం ఉంది కదా. నేనే వెళ్ళి చూసొచ్చాను. శుభ్రంగా ఉంది. కిటికీలున్నాయి.”

“కిటికీలు లేని హోం ఎక్కడ చూశావురా?”

“అంటే... పెద్ద కిటికీలు.”

“మా అత్తయ్యని ఇక్కడ పరాయివాళ్ళ చేతుల్లో పెట్టి, నేను కొండెక్కి ఇంకెవరి అత్తయ్యకో స్నానం చేయించాలి. ఇదేనా మీ లెక్క?”

“లెక్కలో అత్తయ్యలుండరక్కా.”

“ఏముంటాయి మరి?”

“పనులు. ప్రాంతాలు. అంకెలు.”

“ఆ పుస్తకం ఇలా ఇవ్వు.”

“నేను చదువుతున్నాను కదా. అంకెలు మరీ చిన్నవి, నీకు కళ్ళజోడు కావాలి.”

“నెత్తి మీదే ఉంది. ఇవ్వరా.”

“పద్నాలుగో పేజీ చూడు చాలు. నీకు కావలసింది అదే. ఆ పంపు కారుతున్నట్టుంది, బిగించనా?”

“అది నెల రోజులుగా కారుతోంది. ఇంకో గంట కారినా ఏం కాదు. పద్నాలుగు... పదిహేను... పద్దెనిమిది. మధ్యలోవి ఏవిరా?”

“ప్రెస్సు వాళ్ళు...”

“ప్రెస్సు వాళ్ళు రెండు కాగితాలు కలిపి మూడు పిన్నులు కొట్టారా? అదీ ఇంత వంకరటింకరగా?”

“తియ్యకక్కా. చిరుగుతుంది.”

“పదకొండేళ్ళు టార్పాలిన్ కుట్లు విప్పిన చేతులివి. ఒకటి... రెండు... ఇంద, మూడోది కూడా జేబులో వేసుకో. కాళ్ళకి గుచ్చుకుంటే మళ్ళీ అదో పని.”

“చదవకు.”

“నేను చదవను. నువ్వు చదువు.”

“అక్కా...”

“రేవు ప్రాంతం, యంత్రాలు నడిపేవాళ్ళు. కానివ్వు. ఇంతసేపూ గడగడా చదివావుగా.”

“ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్ళు, ఇప్పుడు ఎనభై ఆరు...”

“దాని కింద.”

“క్రేన్ ఆపరేటర్లు. ఇప్పుడు పందొమ్మిది. రెండేళ్ళ తర్వాత పందొమ్మిది. పెరుగుదల సున్నా.”

“ఆ పక్క గడి?”

“ఖాళీలు.”

“ఎన్ని?”

“ఒకటి.”

“పెరుగుదల సున్నా అయితే ఖాళీ ఒకటి ఎలా వచ్చింది?”

“ఉన్నవాళ్ళలో ఒకరు రిటైరవుతారు. లేదా మానేసి వేరే పనికి పోతారు. లేదా...”

“లేదా?”

“‘ఇతర కారణాలు’ అని రాస్తాం.”

“ఎప్పటిది ఈ పుస్తకం?”

“పోయినేడాది. వానలకి ముందు.”

“మీ బావ పోయింది వానలు వెళ్ళాక. అంటే ఆయన ఆ పైన క్యాబిన్‌లో కూర్చుని పెట్టెలు ఎత్తుతూ దింపుతూ ఉండగానే, మీ ఆఫీసు వాళ్ళు ఇక్కడ ఒకటి అని రాసేశారు.”

“ఆఫీసు కాదు రాసింది.”

“మరి?”

“నేను.”

“చెప్పు.”

“ఏముంది చెప్పడానికి...”

“ఎనిమిది నెలలుగా నువ్వు నా మొహం చూసి మాట్లాడట్లేదు. గోడతో మాట్లాడతావు, పంపుతో మాట్లాడతావు, ఫారాలతో మాట్లాడతావు. ఇవాళ నాతో మాట్లాడు.”

“ఒక్కో పనికీ లెక్క దశాంశాల్లో వస్తుంది. మూడున్నర మంది, ఏడుంబావు మంది, అలా. మనిషిని ముక్కలుగా అచ్చు వెయ్యలేం కదా. అందుకని అరకంటే తక్కువైతే కొట్టేస్తాం, ఎక్కువైతే ఒకటి చేస్తాం. క్రేన్ల ఖాళీలు సున్నా పాయింట్ నాలుగు వచ్చాయి.”

“అయితే సున్నా.”

“సున్నాయే. కానీ రేవు ప్రాంతం వరసలన్నీ కూడితే రెండువందల పదమూడు వచ్చింది. పై ఆఫీసు నుంచి వచ్చిన మొత్తం రెండువందల పద్నాలుగు. రెండూ కలవకపోతే పుస్తకం వెనక్కి కొడతారు. అంచేత ఎక్కడో ఒక చోట ఒకటి వెయ్యాలి. అందరూ చేసేదే. సర్దుబాటు అంటాం.”

“ఎక్కడైనా వెయ్యొచ్చా?”

“అరకి దగ్గరగా ఉన్నవాటిలో ఎక్కడైనా. అలాంటి వరసలు ఆరో ఏడో ఉన్నాయి. రంగులు వేసేవాళ్ళు, వెల్డర్లు, వంటవాళ్ళు... శనివారం. అందరూ వెళ్ళిపోయారు. అప్పుడే బావ ఫోన్ చేశాడు. ఏంట్రా జోస్యాలరావూ, మా రేవుకి ఇంకో మనిషిని పెంచమని రాయరా, డబుల్ డ్యూటీలు చెయ్యలేక చస్తున్నాం అన్నాడు. సరే బావా, నీ పేరు చెప్పి ఒకటి వేస్తున్నాను చూస్కో అన్నాను. ఫోన్లో ఉండగానే వేశాను. ఆయన నవ్వాడు.”

“ఆయన పెంచమన్నారు. నువ్వు ఖాళీల్లో వేశావు.”

“పెరుగుదల గడి నా చేతిలో ఉండదక్కా. అది పైవాళ్ళది. నా చేతిలో ఉన్నది ఖాళీల గడి ఒక్కటే.”

“ఊఁ.”

“పోయిన నెల సరిచూశారు. అంచనా ఎంత, ఇప్పటిదాకా జరిగింది ఎంత అని. ఎక్కడ చూసినా తప్పులే. కొండ ప్రాంతంలో వడ్రంగులు నలభై అంటే పన్నెండు తేలారు. క్రేన్ల వరసలో మాత్రం అంచనా ఒకటి, జరిగింది ఒకటి, తేడా సున్నా. మా పెద్దాయన అందరి ముందూ అది చదివి, గురి అంటే ఇదీ అని నా భుజం తట్టాడు. చప్పట్లు కొట్టారు. ఆ ఒకటి ఎవరో వాళ్ళకి తెలియదు.”

“నువ్వేం చేశావు?”

“థాంక్స్ సర్ అన్నాను. బాత్రూంలోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళి కడుక్కున్నాను.”

“ఏడ్చావా?”

“రాలేదు.”

“నాకూ అంతే.”

“నీకూ రాలేదా?”

“ఒకటి చెప్పు. ఆ ఒకటి వంటవాళ్ళ దగ్గర వేసి ఉంటే మీ బావ గుండె ఆగేది కాదా?”

“నాకు తెలియదా అక్కా? లెక్కలు చదువుకున్నవాణ్ణి.”

“తెలిస్తే మరి?”

“తెలియడం వేరు, కళ్ళు మూసుకుంటే నిద్ర పట్టడం వేరు.”

“ఆ రోజు పెట్టె గాలిలోనే ఉండిపోయిందట. ఇంకొకాయన నిచ్చెన ఎక్కి వెళ్ళి, మీ బావని పక్కకి జరిపి, దాన్ని దింపడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ కింద అందరూ తలలెత్తి చూస్తూ నిలబడ్డారట. నాకైతే అది ఇంకా దిగనట్టే ఉంటుందిరా. గిన్నెలు తోముతూ కిటికీలోంచి చూస్తాను. దిగిందా, దిగిందా అని.”

“అందుకే కదా చెప్తున్నది! రోజూ దాన్నే చూస్తూ ఎలా బతుకుతావు? సంతకం పెట్టు. నీకు దణ్ణం పెడతాను, పెట్టెయ్యి.”

“పెట్టను.”

“ఎందుకని?”

“అత్తయ్యని పగటిపూట చూసుకోవడానికి కింది వాటా ఆవిడతో మాట్లాడాను. సరే అంది.”

“పగటిపూట నువ్వెక్కడికి వెళ్తావు? ఇక్కడ ఏముంది నీకు? నేను చదివినవన్నీ మైనస్సులే కదా!”

“ఈ రెండు పేజీలు నువ్వు చదవలేదు.”

“ఇందులో ఏముంది? ఆ దిక్కుమాలిన ఒకటి తప్ప?”

“ఆయన పోయాక రేవు వాళ్ళు, పద్దెనిమిది మందితోనే లాగించేద్దాం, పందొమ్మిదో పోస్టు ఎత్తేద్దాం అన్నారట. అప్పుడు యూనియన్ ఆయన ఈ పేజీ జిరాక్స్ తీయించి తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పడేశాడు. సర్కారు పుస్తకంలో ఒక ఖాళీ చూపించారు, మనిషిని తీసుకోవలసిందే అని పట్టుబట్టాడు.”

“ఆగు. నీకు ఈ పేజీ ముందే తెలుసా?”

“ఆ జిరాక్స్ నా దగ్గరే ఉంది. బీరువాలో, మీ బావ చొక్కాల కింద. ఐదు నెలలైంది.”

“మరి ఇందాకట్నుంచీ నా చేత ఎందుకు చదివించావు?”

“పిన్నులు చూశాక తెలిసింది, ఇందులో నువ్వేదో దాస్తున్నావని. నువ్వు మోస్తున్నదేదో నువ్వే దింపుకోవాలి, నేను దింపలేను కదా.”

“పోస్టు ఉంచారా మరి?”

“ఉంచారు. నాలుగు నెలలపాటు, సాయంత్రాలు, నేల మీదే ఉన్న నమూనా క్యాబిన్‌లో కూర్చోబెట్టి నేర్పారు కూడా.”

“ఎవరికి నేర్పారు? ...అక్కా, ఎవరికి?”

“ఆ ఫారం మడిచి లోపల పెట్టుకో. రేపు పొద్దున్న ఆరింటికి మీ బావ సీట్లో కూర్చోవాల్సింది నేనే.”