నా నోట పుట్టిన యాక్

ఆసుపత్రి వెనకున్న మా క్యాంటీన్‌కి వచ్చేవాళ్ళకి టీ రుచి తెలీదు. చెవులన్నీ ఆపరేషన్ గది వైపే ఉంటాయి. ఆ రోజు మూల బల్ల దగ్గర ఒక దర్జీ, ఆయన భార్యకి అన్నయ్య అయిన ఒకప్పటి లారీ డ్రైవరు కూర్చున్నారు. లోపల ఆపరేషన్ ఆవిడకే. దర్జీ పెదవులు కుట్టేసుకున్నట్టు పొద్దున్నించీ నోరు విప్పలేదు. ముందున్న టీ మీద మీగడ కట్టేసింది.

పక్క బల్ల మీద మా వాచ్‌మన్ అడుగంటిన టీ ఒక గుక్క మింగి, "యాక్!" అన్నాడు.

డ్రైవరు తలెత్తాడు.

"ఆ మాట అంత తేలిగ్గా వాడెయ్యకు తమ్ముడూ. అది నా నోట పుట్టిన మాట. నవ్వకండి, అబద్ధాలాడాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు. అప్పుడు నేను లారీకి కొత్త. మంచుకొండల పైన ఒక ఊరికి ఉప్పు బస్తాలు దింపి రమ్మన్నారు. మిగతా డ్రైవర్లు సగం దారిలోనే వెనక్కి తిప్పేశారు, నేను దింపి వచ్చా. అందులో గొప్పేం లేదనుకోండి."

"మరి యాక్?" అన్నాడు వాచ్‌మన్.

"వస్తున్నా ఆగు. ఆఖరి మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా చీకటి! పట్టపగలు చీకటేమిట్రా అని లైట్లు వేసుకుని లోపలికి పోనిచ్చా. పోతున్నా, పోతున్నా, ఎంతకీ వెలుతురు రాదే! అద్దాలకి నల్లటి తాళ్ళు రాసుకుంటున్నాయి. అప్పుడు తెలిసింది, నేనున్నది సొరంగంలో కాదు, ఒక జంతువు బొచ్చులో! మనవాళ్ళు జడలబర్రె అంటారే, అది. ముందుకాళ్ళ దగ్గర దూరి, తోక దగ్గర తేలా."

"దానికేం కాలేదా?" అన్నాను నేను.

"గోకినట్టు హాయిగా ఉందేమో, కళ్ళు మూసుకుంది పాపం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఊళ్ళో దానికి పేరే లేదు. తాతల నాటి నుంచీ 'అది' అనే అంటున్నారు. తప్పిపోతే ఏమని కేకేస్తారు చెప్పండి? సరే, అంత దూరం నుంచి వచ్చానని నా చేతికో చెంబిచ్చి, పితుక్కుని తాగమన్నారు. పితికా. ఒక్క గుక్క తాగా. జిడ్డంతా గొంతులో పట్టేసింది. నాకు తెలీకుండానే నోట్లోంచి ఊడిపడింది, 'యాక్!' అని. అంతే, కన్నతల్లి పిలిచినట్టు అది గిర్రున తల తిప్పి నాకేసి చూసింది! దానికి పేరు దొరికిందని ఊరు ఊరంతా నా కాళ్ళ మీద పడింది."

"అంటే జంతువు పేరూ, ఛీ అనడమూ ఒకటేనంటావు," అన్నాడు వాచ్‌మన్.

"రెండూ ఒక్క గుక్కలో పుట్టిన కవలలు. మూడోదీ ఉంది. ఇంగ్లీషులో అదే పనిగా వాగడాన్ని కూడా యాక్ అంటారు, అదీ నా పుణ్యమే. ఈ పేరు పెట్టిన సంగతంతా వాళ్ళకి వివరంగా చెబుతూ కూర్చున్నా. మంచు పడింది, ఆగింది, మళ్ళీ పడింది, నేను మాత్రం ఆపలా. అటుగా పోతున్న దొర ఒకడికి యాక్ యాక్ అన్నదొక్కటే చెవిన పడి, మాట్లాడ్డమంటే ఇదే కాబోలనుకుని వాళ్ళ దేశం పట్టుకుపోయాడు. నేను కొండ దిగుతుంటే మందలు మందలు లారీ వెనకే బయల్దేరాయి. ఆ బరువుకి కొండ ఇటు ఒరిగింది! నేను దిగి, 'యాక్, ఇంక వెళ్ళండి నాన్నా' అని బతిమాలితేగానీ అవి మళ్ళలేదు, కొండ నిలబడలేదు. ఇప్పటికీ అక్కడ పోతుదూడ పుడితే మొదట నేను పెట్టిన పేరే అరుస్తుంది."

"పోతుదూడేనా?" అన్నాను.

"పోతే. వాళ్ళ భాషలో యాక్ అంటే మగది మాత్రమే. ఆడదానికి వేరే పేరుంది. కావాలంటే ఎవర్నైనా అడుగు."

ఆ ఒక్క ముక్కా నిజమేనని తర్వాతెప్పుడో ఎవరో చెప్పారు.

"బావా."

దర్జీ గొంతు అది. బొంగురుపోయి ఉంది.

"యాక్ అంటే మగదైతే, నువ్వు పితికిందేమిటి?"

వాచ్‌మన్‌కి పొలమారింది. నేను నవ్వాపుకోలేక అటు తిరిగా. డ్రైవరుది ఓడిపోయిన మనిషి మొహం కాదు. దర్జీనే చూస్తూ, "మాట్లాడావు బావా," అన్నాడు మెల్లిగా. "పొద్దున్నించీ దీనికోసమే చస్తున్నా." చల్లారిన గ్లాసు నా వైపు తోసి, "వేడిగా ఇంకోటి ఇవ్వండి," అన్నాడు.

టీ పోసేలోపే నర్సు తలుపు దగ్గరికొచ్చి, "ఆపరేషన్ పేషెంటు తాలూకు ఎవరండీ?" అంది.

డ్రైవరు గబుక్కున లేచాడు. ఇంతసేపూ కొండల్ని కదిపిన మనిషికి ఒక్క మాట పెగల్లేదు. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడు దర్జీ లేచి, ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి, "మేమేనమ్మా. ఎలా ఉంది?" అన్నాడు.

"గండం గడిచింది. మెలకువొచ్చింది. ఒక్కరే వెళ్ళాలి."

డ్రైవరు దర్జీని వీపు మీద చెయ్యి పెట్టి ముందుకి తోశాడు. దర్జీ పరుగులాంటి నడకతో వెళ్ళాక, తను బెంచీ మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. వాచ్‌మన్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. పోసిన టీ తీసుకెళ్ళి నేనాయన ముందు పెట్టా.