సిలువ పిండి

సిలువ పండుగ మర్నాడు పొద్దున్నే స్తమాతిస్ వాళ్ళక్క, చనిపోయిన ఆ తమ్ముడి భార్యను చూడ్డానికి వచ్చింది. గడపలోంచే అడిగింది.

“పిండి పొంగిందా పిల్లా?”

“లేదు వదినా. చచ్చిన నత్తలా పడుంది. నిన్న పండక్కి చర్చిలో ఇచ్చిన సబ్జా రెమ్మ వేసిన నీళ్ళతోనే కలిపాను. నిరుడు ఈస్ట్ లేకుండా దానంతటదే పొంగింది కదా! దేవుడు నా మీద మొహం తిప్పుకున్నాడేమో.”

“మొహం తిప్పుకోడానికి ఊళ్ళో నీ గిన్నె ఒక్కటే దొరికిందా? కలిపాక సిలువ గుర్తు వేశావా?”

“వేశాను. ఆయన పోయాక ఇదే మొదటిసారి, సిలువ గుర్తుకి చెయ్యి లేవడం.”

“మరింకేం?”

“ఆదివారం పూజకి రొట్టె నాదేనని లెఫ్టెరిస్ ఫాదర్‌కి మాటిచ్చాను, మా ఆయన పేరున. ఇది పొంగకపోతే నేనింక మంచం దిగను వదినా.”

“కొట్టులో ఈస్ట్ తెచ్చి చిటికెడు వేద్దామా?”

“ఛీ! సిలువ పిండిలోనా?”

“ఊరికే అన్నాలే. కోపమన్నా వచ్చింది. గిన్నె ఎక్కడ?”

“కిటికీ గట్టు మీద, ఎండలో.”

“ఏ కిటికీ?”

“ఆయన మంచం పక్కది.”

“వాడు పోయిన రోజు మూసి, ఎవరినీ తెరవనివ్వలేదే, అదా?”

“పిండికి వెచ్చదనం కావాలి కదా... ఏడుస్తున్నావా వదినా?”

“వాడు అందులోంచే నన్ను కేకేసేవాడు. పోనీలే. ఏమీ తినకుండా వచ్చాను, ఏదన్నా పెట్టు.”

“రొట్టె ముక్క, ఆలివ్ కాయలున్నాయి. ఉండు, విచిత్రంగా నాకూ ఆకలేస్తోంది.”

“అయితే పొంగుతుందిలే.”