కొత్త పంపులు ఎక్కించిన అరుణజ్యోతి గారికి అసూయాపూర్వక అభినందన

1991 ఆగస్టు 5, సోమవారం ఉదయం జూబ్లీహిల్స్ కొండమీది నీటిశుద్ధి కేంద్రంలో ఇద్దరు సహాయక ఇంజనీర్లు ఉద్యోగంలో చేరారు. ఒకరు ఎర్రగడ్డ నుంచి సిటీ బస్సులో వచ్చిన అరుణజ్యోతి గారు. మరొకరు కాకినాడ రైలు దిగి నేరుగా వచ్చిన నేను. నేడు జనరల్ మేనేజరుగా వారు పదవీ విరమణ చేస్తున్న శుభవేళ, వారి భర్త జగదీశ్ గారు, కుమార్తె రష్మి కూడా చదవబోయే ఈ వీడ్కోలు సంచికకు నాలుగు మంచి మాటలు రాయమని మిత్రులు కోరారు. మంచి మాటలకు కొదవ లేదు. అయితే వారిపట్ల నాకున్న అసూయను మరుగుపరచి రాస్తే ఈ వ్యాసం అసత్యమవుతుంది.

చేరిన కొద్దికాలానికే సిబ్బంది అందరికీ వారు ‘జ్యోతక్క’ అయ్యారు. నేను నేటికీ ‘సార్’నే. ప్రతి పదోన్నతి ఉత్తర్వులోనూ వారి నామధేయం నాకంటే పైనే ఉండేది గనుక, ఆ వరుసను కింది నుంచి పైకి చదవడం నాకు అలవాటైంది.

మొన్నమొన్నటి ఆధునికీకరణ వారి వృత్తిజీవితానికి శిఖరం. ముడినీటిని కొండమీదికి ఎక్కించే మా పంపులు మాకంటే ముందే సర్వీసులో చేరి, జీర్ణావస్థకు చేరుకున్నాయి. కేంద్రాన్ని కొన్నాళ్లు పూర్తిగా ఆపి, యంత్రాలన్నిటినీ ఒక్కసారే మార్చాలని నేను ప్రతిపాదించాను. సరఫరా ఆపకుండా ఒక్కొక్క పంపునే మార్చాలని వారు ప్రతిపాదించారు. వారి ప్రతిపాదనే ఆమోదం పొందింది. నాది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను.

నడివేసవిలో, ఒక పంపును విప్పి ఉంచిన సమయంలోనే, నడుస్తున్న మరో పాత పంపు కాలిపోయింది. కొండకెక్కే నీరు సగానికి పడిపోయింది. నా మాట నెగ్గే ఘడియ వచ్చిందని నా మనస్సు ఒక్క క్షణం ఉప్పొంగింది. అరుణజ్యోతి గారు మాత్రం ఉన్న నీటిని ముందుగా కృష్ణానగర్ గల్లీలకు మళ్లించమన్నారు.

“ఫిల్మ్‌నగర్ బంగ్లాలవాళ్లు ఊరుకోరండీ” అన్నాను.

“వాళ్లకు సంపులున్నయి త్రినాథరావు గారూ. ఈ కిరాయి గదులల్ల బిందెలే ఉన్నయి” అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఒక సినిమా కంపెనీ మేనేజరు రామకృష్ణ వచ్చారు. వానపాట చిత్రీకరణకు తమకు ఇస్తామన్న ట్యాంకర్లు పంపమని అడిగారు.

“రెండు ట్యాంకర్లే కదండీ మేడమ్! సెట్టంతా సిద్ధంగా ఉంది. హీరో గారి డేట్లు మళ్లీ దొరకవండీ.”

“మీ వాన జర ఆగుతది సార్. కృష్ణానగర్ల వంట ఆగది.”

చిత్రీకరణ ఆగిపోయింది. మరునాడు మల్లమ్మ అనే ఆమె నేరుగా జనరల్ మేనేజరు గదికి వచ్చారు. కృష్ణానగర్‌లో ఉంటూ, సినిమాల్లో గుంపు సన్నివేశాల్లో నటించే మనిషి. నేనక్కడే ఉన్నాను.

“నువ్వు నీళ్లియ్యలేదని షూటింగ్ బంద్ పెట్టిండ్రు మేడమ్. నా కూలి పోయింది. ఎవర్ని అడగాలె?”

“నన్నే అడుగు అక్కా. ఆపింది నేనే” అంటూ అరుణజ్యోతి గారు లేచి కుర్చీ జరిపారు. “ఇంట్ల నీళ్లొచ్చినయా?”

“వచ్చినయి. గందుకే గట్టిగ తిట్టలేకపోతున్న.”

ఇద్దరూ నవ్వలేదు. అరుణజ్యోతి గారు ఆమెకు టీ తెప్పించి, రామకృష్ణ గారికి ఫోను చేశారు. కొత్త పంపు ఎక్కగానే ట్యాంకర్లు ఇస్తామనీ, పాటకు ముందు పిలిచినవాళ్లనే మళ్లీ పిలవాలనీ కోరారు. ఆయన గొణిగారు గానీ సరేనన్నారు. ఆపై వారు పంపుహౌసుకు వెళ్లి, కొత్త పంపు బిగింపు పూర్తయ్యేవరకు ఫిట్టర్ల చెంతనే ఉన్నారు. పంపు ఎక్కింది, ట్యాంకర్లు కదిలాయి, వాన కురిసింది. తడిసి పని చేసిన సంగతి చెప్పడానికి మల్లమ్మ మళ్లీ వచ్చారు. నా గది ముందు నుంచే నడిచి వెళ్లారు.

పంపుల విషయంలో గెలుపోటములు నేను ఏనాడో దిగమింగాను. దిగమింగలేనిది ఇదే. ఇన్నేళ్ల సర్వీసులో నన్ను తిట్టడానికైనా ఒక మనిషి నా గది వెతుక్కుంటూ రాలేదు.

వారి తరువాత ఆ కుర్చీలో నేను కూర్చోబోతున్నాను. నిన్న బాధ్యతలు అప్పగిస్తూ, “ఫికర్ చెయ్యకుండ్రి, తలుపు మాత్రం తీసి పెట్టుండ్రి” అన్నారు. తీసి పెడతాను. ఎవరైనా వస్తారో లేదో తెలియదు.

అరుణజ్యోతి గారు జగదీశ్ గారితో, రష్మితో కలిసి నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి. నా మోకాళ్లు మొరాయించిన వయస్సులోనూ వారు ఈ కొండ చకచకా ఎక్కుతుండగా చూసి, నేను మరొక్కసారి మనసారా అసూయపడాలి.

— కె. త్రినాథరావు
డిప్యూటీ జనరల్ మేనేజర్