ముసుగు మనిషి ఓటు

“పిచ్చి పుస్తకం అనకయ్యా! దాన్లో ఉన్నదంతా జరిగేదే. నేను కళ్లారా చూశాను, ఈ చేత్తో వేలికి సిరా కూడా రాశాను,” అన్నాడు రూలు సారు, గ్లాసు ఠంగుమని టీ కొట్టు బల్లమీద పెట్టి.

పిచ్చి పుస్తకం అన్నది పాత పుస్తకాలమ్మే ఆయన. ఆయన చేతిలో చిరిగిన కామిక్స్ పుస్తకం, అట్టమీద ఎర్ర దుప్పటి కట్టుకున్న వీరుడు బస్సుని ఒంటిచేత్తో ఎత్తుతున్నాడు. కళ్లచుట్టూ బెత్తెడు గుడ్డ కడితే కన్నతల్లి కూడా గుర్తుపట్టదంటే ఎవడు నమ్ముతాడని ఆయన గొడవ. రూలు సారంటే ఎదురు ఆఫీసులో ఓటర్ల జాబితా చూసే క్లర్కు. నాలుగింటికి టీకి దిగాడంటే అయిదింటిదాకా మెట్లెక్కడు.

అదే బల్ల చివర కుట్టుమిషను అత్త కూర్చుంది, మెళ్లో టేపు, ఒళ్లో దరఖాస్తు. మూడు నెలల కిందట ఆవిడ మొగుడు పోయాడు. ఆయన పేరు జాబితాలోంచి కొట్టెయ్యమని కాగితమిస్తే, రూలు సారు ఆయన్ని వదిలేసి కింది లైనులో ఉన్న ఆవిణ్ని కొట్టేశాడు. ఇప్పుడు ఆయనకి ఓటుంది, ఆవిడకి లేదు. ఎన్నికలు వచ్చే వారం. తప్పులు దిద్దుకునే గడువు ఇవాళ అయిదింటితో సరి.

“నాయనా, ఆ సంతకమేదో పెడితే...”

“ఉండత్తా, టీ తాగనివ్వు. నీది చిక్కు కేసు. చనిపోయినవాళ్లు దరఖాస్తు పెట్టుకునే పద్ధతి మా దగ్గర లేదు. ఆఁ, ఏం చెబుతున్నాను? ఏడేళ్ల కిందటి ఎన్నికలు. ఆ మూల బళ్లో, మూడో తరగతి గది, బూత్ నాది. నా కన్ను సంగతి మీకు తెలుసుగా. పొద్దున మీసంతో వచ్చి ఓటేసినవాడు, మధ్యాహ్నం మీసం గీయించుకుని తమ్ముడి పేరుతో వచ్చాడు. ‘మీసం తీశావు సరే, మీసం కింద ఎండ తగలని తెల్లచార తీశావా?’ అన్నాను. అంతే, గొడుగు కూడా వదిలేసి పరుగో పరుగు!”

“ఇంతవరకూ నమ్మొచ్చు సార్,” అన్నాడు పక్కన టీ తాగుతున్న వ్యాను డ్రైవరు.

“నువ్వు నమ్మేదేమిటోయ్, జరిగిందయితే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వరసలో గుసగుసలు. ఏమిటా అని చూద్దును కదా, ఆరున్నర అడుగుల మనిషి, మొహానికి ముసుగు, భుజాన ఎర్ర దుప్పటి, లాగు మీద ఇంకో లాగు. వెనకావిడ ‘నీ దుప్పటి నా కాళ్లకడ్డం పడుతోందయ్యా, కాస్త ఎత్తి పట్టుకో’ అని కసురుతోంది, బస్సులెత్తే మనిషి పాపం నోరెత్తకుండా దుప్పటెత్తి పట్టుకున్నాడు. నా ముందుకొచ్చాడు. పేరన్నాను. న్యాయరక్షకుడన్నాడు. ఇంటిపేరన్నాను. నీళ్లు నమిలాడు. నివాసమన్నాను. కొండ కింద రహస్య గుహ అన్నాడు. ‘ఆ గుహ ఏ వార్డులోకొస్తుంది నాయనా?’ అన్నాను. అంత మొనగాడికీ ముచ్చెమటలు పట్టాయి!”

“ముసుగు తియ్యమనలేదా?” అన్నాడు పుస్తకాలాయన.

“అనకుండా వదుల్తానా? తీస్తే శత్రువులు నా పెళ్లాం పిల్లల్ని బతకనివ్వరు సార్ అని చేతులు పట్టుకున్నాడు. ఒరే వెర్రివాడా, నీ ఫోటో, నీ వయసు, నీ భార్య పేరు, ఇంటి నంబరు, అన్నీ అచ్చేసి బయట గోడకి అంటించాం, మూడు వారాల్నుంచి ఊరంతా చదువుతోంది, ఇంకెక్కడి గుట్టురా అన్నాను. నీ శత్రువులకి జాబితా చూసే ఓపిక లేదు కాబట్టి బతికిపోయావన్నాను. అయినా నాకు ముసుగు తీయించే పనేముంది? కిందికి చూశాను. దుప్పటి మార్చాడు, లాగు మార్చాడు, చెప్పులు మార్చలేదు! ఎడం చెప్పుకి పిన్నీసు. ఎవరనుకున్నారు? నెలనెలా మా ఇంటికి కరెంటు మీటరు చూడ్డానికొచ్చేవాడు!”

“మీటరు మనిషా!”

“మరి? ఎవరింటి వెనక్కైనా అడక్కుండా వెళ్లగలిగేది ఇంకెవడు? ఏ కుక్కా మొరగదు, ఏ ఇల్లాలూ అనుమానించదు. ఆ కామిక్స్ రాసేవాళ్లకి ఈ మాత్రం తట్టదు, వీరుణ్ని తీసుకెళ్లి కోటీశ్వరుణ్ని చేస్తారు. కోటీశ్వరుడు ఇంట్లోంచి మాయమైతే వంద మంది నౌకర్లు వెతకరూ? సరే, జాబితాలో టిక్కు పెట్టేశాను. మనిషి ఎదురుగా నిలబడ్డాక, నేను గుర్తుపట్టాక, ఇంకే కాగితమూ అక్కర్లేదు. అదీ రూలు.”

అత్త తలెత్తింది. “అక్కర్లేదా నాయనా?”

“ఉండత్తా, అసలు కథ ఇప్పుడే మొదలైంది! వేలికి సిరా రాయబోయాను. జారిపోయింది! తూటాలే దిగని ఒళ్లాయె, సిరా ఎక్కడ అంటుతుంది? తుడిచి మళ్లీ రాశాను, మళ్లీ జారింది. అవతలి పార్టీ ఏజెంటు ఒంటికాలి మీద లేచాడు, సిరా అంటకపోతే వీడు పూటకి నూరు ఓట్లేస్తాడు, పైగా ఎగురుతాడు, ఊరికొక ఓటేసొస్తాడన్నాడు. న్యాయమే కదా? అప్పుడు నేనేం చేశాను? అతని భుజమ్మీద చెయ్యేసి, ‘సూది వేయించుకునేటప్పుడు వదుల్తావే, అట్లా ఒళ్లు వదిలెయ్ నాయనా’ అన్నాను. గాలి వదిలాడు. ఆ గాలికి గది తలుపులూడి రోడ్డున పడ్డాయి. సిరా మాత్రం పట్టింది!”

డ్రైవరు టీ పొలమారి దగ్గాడు. అత్త దరఖాస్తు మడత విప్పి బల్లమీద పెట్టి, కలం దానిమీద పెట్టింది. గడియారం నాలుగున్నర దాటింది. రూలు సారు ఆ కలం తీసుకుని, గాల్లో ఆడిస్తూ అందుకున్నాడు.

“ఇంతలో ఆకాశంలో పెద్ద గోల. అతని బద్ధశత్రువు, ఇనప రెక్కలు కట్టుకుని, ఇనప గొంతుతో ‘నా పార్టీకే ఓటెయ్యండి’ అని బడి మీద గిరగిరా తిరుగుతున్నాడు. బూత్‌కి వంద మీటర్ల లోపల ప్రచారం చెయ్యకూడదు. నేలమీదైతే సరే, పైకో? ఆ రూలు రాసినవాళ్లు పైకి చూడలేదు! దేశాధినేత దగ్గర్నుంచి నాకే ఫోను. ‘బాబూ, ఏం చెయ్యమంటావు?’ అని. మీరు ఫోను పెట్టెయ్యండి, నేను చూసుకుంటానన్నాను.”

“పెట్టేశారా?”

“పెట్టక ఏం చేస్తారు? న్యాయరక్షకుడి వీపెక్కాను. ఒక చేత్తో టేపు, ఒక చేత్తో ఓట్ల పెట్టె, ఎందుకంటే పెట్టెని వదలకూడదు, అదీ రూలే. కొలిచాను. తొంభై ఆరు మీటర్లు! ‘నాలుగు మీటర్లు పైకి పో, లేదా కేసు రాస్తా’ అన్నాను. వాడికి కోపమొచ్చి బడిని పునాదులతో సహా పీకి రెండు మైళ్లు ఎత్తుకుపోయాడు. లోపల పోలింగు ఆగిందా? ఆగలేదు! మబ్బుల్లో నూట పద్నాలుగు మంది ఓటేశారు. సరిగ్గా అయిదింటికి నేను గంట కొట్టాను. సమయమైపోయాక ఎవడైనా నోరు మూసుకోవాల్సిందే, ఆ ఇనప రెక్కలవాడు కూడా బుద్ధిగా బడి కిందపెట్టి, సంతకం చేసి వెళ్లాడు. అప్పుడు న్యాయరక్షకుడు కళ్లనీళ్లు పెట్టుకుని ముసుగు విప్పి నా చేతిలో పెట్టి, ‘సార్, నా మోకాళ్లు అరిగిపోయాయి, ఇకనుంచి మీరే’ అన్నాడు.” చొక్కా మీద తట్టుకున్నాడు. “నా అంతట నేను చెప్పుకోకూడదు గానీ, అడుగుతున్నా, ఈ ఏడేళ్లలో ఈ వీధిలో ఒక్క అన్యాయమైనా జరిగిందా?”

“జరిగింది,” అంది అత్త.

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అందరూ అటు తిరిగారు.

“ఆ బడి ఎదురుకొట్టు నాది నాయనా. ఆ రోజు పొద్దున పదింటికే రెండు పార్టీలవాళ్లు కుర్చీలతో కొట్టుకున్నారు. నువ్వు గోడ దూకి నా కొట్లోకొచ్చి, గుడ్డలు కత్తిరించే బల్ల కింద దూరావు. వణికిపోతుంటే మా ఆయన పరదా గుడ్డ తెచ్చి నీ తలమీదుగా కప్పాడు. ఆ రోజంతా ముసుగులో ఉన్నది నువ్వే. మంచినీళ్లిచ్చాను, అన్నం పెట్టాను. నీ బదులు వేరే సారొచ్చి బూత్‌లో కూర్చున్నాడు. చీకటిపడ్డాక వెళుతూ, ఉద్యోగం పోతుంది ఎవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నావు. పోయేదాకా మా ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.”

“అత్తా, లేనిపోనివి మాట్లాడకు!”

“మీకు భయమెందుకు సార్?” అన్నాడు పుస్తకాలాయన. “మీ జాబితా ప్రకారం ఆవిడ పోయింది. పోయినవాళ్ల సాక్ష్యం చెల్లదుగా.”

టీ కొట్టంతా గొల్లుమంది. అత్త నవ్వలేదు.

“ఆయన పోయిన ఇరవయ్యో రోజున, నేనూ పోయానని మీ ఆఫీసు కాగితం వచ్చింది. అప్పుడు నాకది తప్పని కూడా అనిపించలేదు నాయనా. అలాగే ఉన్నాను మరి. అద్దంలో చూసుకున్నా మనిషిలా కనిపించేదాన్ని కాదు. ఇప్పుడు అనిపిస్తోంది. మూడు రోజుల్నుంచి నీ చుట్టూ తిరుగుతున్నాను, కాళ్లు నొప్పెడుతున్నాయి, ఆకలేస్తోంది, ఇదిగో ఇప్పుడు చచ్చేంత కోపమొస్తోంది. బతికే ఉన్నాను. సంతకం పెట్టు.”

గడియారంలో అయిదుకి పది నిమిషాలు తక్కువ. రూలు సారు గాల్లో ఆడిస్తున్న కలం కిందికి దించి, దరఖాస్తు ముందుకు లాక్కున్నాడు. గబగబా నింపుకుంటూ పోయి ఒక గడి దగ్గర ఆగాడు. అధికారి దరఖాస్తుదారును ఎలా గుర్తించారో రాయమని ఉంది.

“ఏమని రాయనత్తా?” అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

“నీ ఇష్టం. చూసింది రాయి.”

రూలు సారు చెవులు ఎర్రబడ్డాయి. ‘కష్టంలో ఉన్నప్పుడు నన్ను తమ ఇంట దాచి అన్నం పెట్టిన మనిషి, స్వయంగా ఎరుగుదును’ అని రాసి సంతకం చేశాడు.

అత్త కాగితం అందుకుని అక్షరం అక్షరం చదువుకుంది.

“ఇంతసేపట్లో నువ్వు చెప్పినవాటిలో నిజం ఇదొక్కటే,” అని, ఆఫీసు తలుపులు మూసేలోగా రోడ్డు దాటింది.